ఇంగ్రహామ్ పతకం: స్మిర్నా రేవులో ఒక ఖైదీ విడుదల, మీ దగ్గరున్న కంచు ప్రతి

మీ ప్రశ్న సారాంశం ఇది. అమెరికాలో మీ ఊరి దగ్గర ఒక పాత ఇంటి సామాను అమ్ముతుంటే, నాలుగు అంగుళాల పైచిలుకు వెడల్పున్న బరువైన కంచు పతకం ఒకటి కొన్నారు. ఒకవైపు రేవులో నిలిచిన ఓడలు, రెండోవైపు పొడవైన ఇంగ్లీషు రాత, అందులో ఇంగ్రహామ్ అనే పేరు, 1853 జూలై 2 అనే తేదీ ఉన్నాయి. అమ్మినవారు దీన్ని అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధ కాలపు పతకమని చెప్పారు. ఆ మాట నిజమేనా, ఈ నావికుడెవరు, మీ చేతిలో ఉన్నది అసలుదా నకలా అన్నవి మీ సందేహాలు.

ఇది అంతర్యుద్ధ పతకం కాదు. ఆ యుద్ధం మొదలవడానికి దాదాపు ఎనిమిదేళ్ల ముందు, ఉస్మానీ తుర్కుల ఏలుబడిలోని స్మిర్నా రేవులో, అంటే నేటి ఇజ్మీర్‌లో, ఆస్ట్రియా యుద్ధనౌకలో సంకెళ్లతో బంధించి ఉంచిన మార్టిన్ కోస్టా అనే హంగేరీ ప్రవాసిని విడిపించినందుకు అమెరికా నౌకాదళ కమాండర్ డంకన్ నథానియల్ ఇంగ్రహామ్‌కు ఆ దేశపు చట్టసభ అయిన కాంగ్రెస్ బహూకరించిన పతకమిది. కాంగ్రెస్ తీర్మానం తేదీ 1854 ఆగస్టు 4. కాంగ్రెస్ తరఫున ఇంగ్రహామ్‌కు అందినది బంగారు పతకం. మీ దగ్గరున్నది అదే రూపంలో కంచుతో చేసిన ప్రతి. అది టంకశాలలో అచ్చుకొట్టినదా, తర్వాత ఎవరో పోతపోసినదా అన్నది పతకాన్ని పరీక్షించి తేల్చాలి. ఆ పద్ధతి చివర్లో చెబుతాను. ముందు కథ చెప్పడానికి కారణముంది. స్మిర్నాలో జరిగింది తెలియకుండా చూస్తే ఆ ఓడల బొమ్మ మామూలు రేవు దృశ్యంలాగే కనిపిస్తుంది, మంచి పతకాన్ని అంతర్యుద్ధపు వస్తువని అమ్మేసే పొరపాట్లు కూడా అలాగే పుడతాయి.

1848-49లో హంగేరీ ప్రజలు ఆస్ట్రియా చక్రవర్తి పాలనకు ఎదురుతిరిగారు. రష్యా సైన్యం తోడు రావడంతో ఆస్ట్రియా ఆ తిరుగుబాటును అణచివేసింది. నాయకుడు లాయోష్ కొషూత్‌తో పాటు వేలాదిమంది తుర్కుల రాజ్యంలోకి పారిపోయారు. వారిలో కోస్టా ఒకడు. వారిని అప్పగించమని ఆస్ట్రియా ఒత్తిడి చేసినా సుల్తాను ఒప్పుకోలేదు. కొంతకాలం కుతాహ్యాలో నిర్బంధంలో ఉంచి, తర్వాత దేశం విడిచి వెళ్లనిచ్చాడు. 1851లో కొషూత్‌ను తీసుకురావడానికి అమెరికా తన యుద్ధనౌకనే పంపింది. ఆ ఏడాది చివర న్యూయార్కులో ఆయనకు జనం పట్టిన నీరాజనాలు చూస్తే, రెండేళ్ల తర్వాత కోస్టా పేరు వినగానే ఆ దేశం ఎందుకంత కదిలిపోయిందో అర్థమవుతుంది.

కోస్టా అమెరికా చేరి 1852 జూలై 31న న్యూయార్కులో, తాను ఆ దేశ పౌరుడిని కాదలచుకున్నానని ప్రమాణపూర్వకంగా ప్రకటించాడు. ఈ కథలో ముడి అంతా ఇక్కడే ఉంది. ఆ ప్రకటన పౌరసత్వానికి మొదటి మెట్టు మాత్రమే, అప్పటికి పౌరసత్వం రాలేదు. 1853లో సొంత పనిమీద అతను తిరిగి తుర్కుల దేశం వెళ్లి, స్మిర్నాలో అమెరికా కాన్సులేటు రక్షణ కోరాడు. కాన్సులేటు, ఇస్తాంబుల్‌లోని అమెరికా రాయబార కార్యాలయం కలిసి అతనికి తెజ్కెరె అనే ప్రయాణ పత్రం ఇచ్చాయి. ఆ కాలంలో తుర్కుల రాజ్యంలో ఉండే విదేశీయులపై వారి వారి దేశాల కాన్సుళ్లకే న్యాయాధికారం ఉండేది. కాబట్టి ఒక దేశపు కాన్సులు రక్షణపత్రం ఇచ్చాడంటే ఆ మనిషిని ఆ దేశం వాడిగానే స్థానిక అధికారులు లెక్కించేవారు.

అతన్ని పట్టుకోవడానికి అనుమతి ఇమ్మని ఆస్ట్రియా కాన్సుల్ జనరల్ స్మిర్నా గవర్నరును అడిగాడు. గవర్నరు ఇవ్వలేదు. జూన్ మూడోవారం దాటాక, కూలికి తెచ్చిన మనుషులు రేవు ఒడ్డున కోస్టా మీద పడి, కొట్టి, నీళ్లలోకి తోసేశారు. అక్కడే పొంచి ఉన్న ఆస్ట్రియా పడవవాళ్లు అతన్ని నీళ్లలోంచి లాగి, రేవులో లంగరు వేసి ఉన్న హుస్సార్ అనే యుద్ధనౌకకు చేర్చి సంకెళ్లు వేశారు. పరాయి దేశపు గడ్డమీద, ఆ దేశపు అధికారి కాదన్న తర్వాత, అద్దె మనుషులతో జరిపించిన పని ఇది. దీన్ని అరెస్టు అనే మాటతో సరిపెట్టడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. ఇది అపహరణ. ఊళ్లోని ప్రవాసుల ఆగ్రహం ఎంతగా పెరిగిందంటే, ఆ రోజుల్లోనే అక్కడ జరిగిన దాడిలో ఒక యువ ఆస్ట్రియన్ నౌకాధికారి ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

అమెరికా నౌక సెయింట్ లూయిస్ సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే స్మిర్నా రేవుకు వచ్చింది. దాని అధిపతి ఇంగ్రహామ్. 1802లో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో పుట్టి, పదేళ్లైనా నిండకముందే, 1812లో, నౌకాదళంలో చేరినవాడు. ఆయన భార్య హెన్రీ లారెన్స్ మనుమరాలు. అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలంలో ఆ లారెన్స్‌ను బ్రిటిష్ వారు నడిసముద్రంలో పట్టుకుని లండన్ టవర్‌లో బంధించారు. పరాయి ఓడలో ఖైదీగా ఉండడమంటే ఏమిటో ఆ ఇంట్లో విని ఉంటారని అనుకోవడం నా ఊహ మాత్రమే, పతకంతో దానికి సంబంధం లేదు.

ఇంగ్రహామ్ హుస్సార్‌కు వెళ్లి, ఖైదీని చూపించమని పట్టుబట్టి, అతనితో మాట్లాడాడు. ఇక్కడ మనం గమనించవలసినది ఆయన తొందరపడకపోవడం. కోస్టా ఇంకా పౌరుడు కాలేదు. తుపాకి పేలితే అది రెండు దేశాల మధ్య యుద్ధం అవుతుంది, అదీ మూడో దేశపు రేవులో. పైనుంచి ఆజ్ఞ అడగడానికి వాషింగ్టన్‌కు తంతి సౌకర్యం లేదు. ఆయన ఇస్తాంబుల్‌లోని అమెరికా ప్రతినిధి జాన్ పోర్టర్ బ్రౌన్‌కు రాసి జవాబు కోసం ఆగాడు, ఆలోగా ఖైదీని అక్కడినుంచి కదలనివ్వకూడదని హుస్సార్ వారితో మాట తీసుకున్నాడు. కోస్టాకు అమెరికా రక్షణ చెందుతుందనీ, అతన్ని విడిపించమనీ బ్రౌన్ నుంచి జవాబు వచ్చింది. మరోపక్క ఖైదీని గుట్టుగా ఆస్ట్రియా ఏలుబడిలోని ట్రియెస్టే రేవుకు తరలించే ఆలోచన సాగుతోందని ఇంగ్రహామ్‌కు తెలిసింది.

జూలై 2 ఉదయం ఆయన హుస్సార్ అధిపతికి కబురు పంపాడు. సాయంత్రం నాలుగు గంటలలోగా కోస్టాను అప్పగించాలి, లేకపోతే బలప్రయోగంతో తీసుకుంటాను అన్నది ఆ కబురు. సెయింట్ లూయిస్ మీద ఫిరంగులు పోరాటానికి సిద్ధం చేశారు. హుస్సార్ కూడా సిద్ధమైంది. జనం ఒడ్డున గుమిగూడారు. గడువు దాటేలోగా కాన్సుళ్ల మధ్యవర్తిత్వం ఫలించింది. కోస్టాను ఇరుపక్షాలకూ చెందని ఫ్రెంచి కాన్సుల్ జనరల్ సంరక్షణలో ఉంచాలి, రెండు ప్రభుత్వాలూ ఉమ్మడిగా కోరితేనే అతన్ని ఆయన బయటికి ఇవ్వాలి అని ఒప్పందం కుదిరింది. సంకెళ్లు తీసి కోస్టాను ఒడ్డుకు తెచ్చారు. ఒక్క గుండూ పేలలేదు. కొన్ని నెలల తర్వాత ఆస్ట్రియా ఒప్పుకోవడంతో అతను అమెరికాకు తిరిగి వెళ్లాడు.

మీ పతకం మీద ఒకవైపు ఉన్నది ఈ రేవే. అమెరికా నౌక సెయింట్ లూయిస్, ఆస్ట్రియా నౌక హుస్సార్, వాటి వెనుక స్మిర్నా నగరం. అంతకుముందు అమెరికా కాంగ్రెస్ తన నావికులకు ఇచ్చిన పతకాలను, ముఖ్యంగా బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధపు పతకాలను, దీని పక్కన పెట్టి చూడండి. వాటిమీద ఒకవైపు వీరుడి ముఖం, రెండోవైపు పొగలు కక్కే ఫిరంగులు, విరిగిన తెరచాప కొయ్యలు కనిపిస్తాయి. ఇంగ్రహామ్ పతకం మీద ఇంగ్రహామ్ ముఖమే లేదు, పోరాటమూ లేదు. రెండు ఓడలు నీటిమీద నిలిచి ఉన్నాయి, అంతే. దృశ్యాన్ని గీసినవాడు సెత్ ఈస్ట్‌మన్ అనే సైనికాధికారి, మంచి చిత్రకారుడు. అచ్చు చెక్కిన పనిలో ఫిలడెల్ఫియా టంకశాల ప్రధాన శిల్పి జేమ్స్ లాంగేకర్, ఆయన సహాయకుడు పీటర్ క్రాస్ ఉన్నారు. జరగని యుద్ధాన్ని లోహంలో చూపించడం తేలిక కాదు. వీరు కల్పించి పొగ పెట్టకుండా ఉన్నదున్నట్టు చూపారు. అందుకే ఆ కాలపు కాంగ్రెస్ పతకాల్లో నేను దీన్ని ఎంతో గౌరవంతో చూస్తాను.

వెనుకవైపు రాతలోని మాటలు తీర్మానం నుంచి తీసుకున్నవి. తీర్మానం ప్రకారం, 1853 జూలై 2న మార్టిన్ కోస్టాకు అమెరికా ప్రభుత్వ రక్షణ కల్పించి, హుస్సార్ మీద బలవంతంగా, చట్టవిరుద్ధంగా సాగిన నిర్బంధం నుంచి అతన్ని విడిపించడంలో ఇంగ్రహామ్ చూపిన ధైర్యానికీ వివేకానికీ ఇది గుర్తు. ధైర్యాన్ని మెచ్చుకునే పతకాలు ఎన్నో ఉన్నాయి. ధైర్యంతో పాటు, ఎక్కడ ఆగాలో తెలిసిన నిగ్రహాన్ని మెచ్చుకున్న పతకాలు అరుదు. పేరుకు ముందు కమాండర్ అన్న హోదా ఉందని కూడా చూడండి. వ్యవహారంలో అందరూ ఆయన్ని కెప్టెన్ ఇంగ్రహామ్ అంటారు గాని, అప్పటి అసలు హోదా కమాండరే.

తీర్మానం ఊరికే రాలేదు. ఆస్ట్రియా గట్టిగా నిరసించింది. వాషింగ్టన్‌లోని దాని ప్రతినిధి హ్యుల్సెమన్, కోస్టా తమ ప్రజే కాబట్టి ఇంగ్రహామ్ చర్యను ఖండించి పరిహారం ఇప్పించమని ఆగస్టు నెలాఖరున లేఖ ఇచ్చాడు. విదేశాంగ మంత్రి విలియం మార్సీ సెప్టెంబరు 26న సుదీర్ఘమైన జవాబు ఇచ్చాడు. ఆ జవాబులోని వాదన ముఖ్యమైనది. కోస్టా పౌరుడు కాకపోయినా, అమెరికాలో స్థిరనివాసం ఏర్పరచుకుని ఆ దేశానికి చెందాలని ప్రమాణం చేసినందువల్ల అతనికి ఆ దేశపు గుర్తింపు వచ్చింది, తుర్కుల ఆచారం ప్రకారం కూడా అతను అమెరికా రక్షణలో ఉన్నాడు, పట్టుకున్న పద్ధతే అన్ని చట్టాలకూ విరుద్ధం, కాబట్టి ఆస్ట్రియాకు అతనిమీద హక్కు లేదు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ ఆ డిసెంబరులో కాంగ్రెస్‌కు పంపిన వార్షిక సందేశంలో అధికారుల చర్యను సమర్థించాడు. ఇంగ్లండ్‌లోని కార్మికులు తలా ఒక పెన్నీ చొప్పున చందా వేసుకుని ఇంగ్రహామ్‌కు నౌకా గడియారం ఒకటి కానుకగా ఇచ్చారు. కాంగ్రెస్ బంగారం ఎంత గొప్పదైనా, తమకు ఏ సంబంధమూ లేని ఒక ఖైదీ కోసం కూలివాళ్లు కూడబెట్టిన ఆ పెన్నీల విలువ నాకు అంతకన్నా తక్కువగా తోచదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పతకాన్ని పొగిడే వ్యాసాల్లో సాధారణంగా అది ఉండదు. పతకం తీర్మానానికి రెండు నెలల ముందు, 1854 జూన్ 2న, ఆంథనీ బర్న్స్ అనే నల్లజాతి యువకుడిని బోస్టన్‌లో సైనికుల కాపలా మధ్య రేవుకు నడిపించి, అమెరికా ప్రభుత్వపు నౌకలోనే వర్జీనియాకు, తిరిగి బానిసత్వంలోకి పంపారు. పారిపోయిన బానిసల చట్టం దానికి ఆధారం. చట్టవిరుద్ధ నిర్బంధం నుంచి ఒక ఐరోపావాసిని విడిపించినవాడికి బంగారు పతకమిచ్చిన ప్రభుత్వమే, చట్టం పేరుతో ఒక మనిషిని నిర్బంధంలోకి తోసింది. ఇంగ్రహామ్ చేసిన పని విలువ దీనివల్ల తగ్గదు. కాని 1854 నాటి పతకాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు ఆ ఏడాది మొత్తాన్ని గుర్తుంచుకోవడం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

మీకు అమ్మినవారి మాట ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. ఇంగ్రహామ్ 1856 నుంచి 1860 దాకా నౌకాదళంలో ఆయుధ విభాగానికి అధిపతిగా పనిచేసి, 1861 మొదట్లో రాజీనామా చేసి దక్షిణాది రాష్ట్రాల కూటమి నౌకాదళంలో చేరాడు. చార్లెస్టన్ రేవులో వారి నౌకాబలాలకు నాయకత్వం వహించాడు. 1863 జనవరి 31న పామెటో స్టేట్, చికోరా అనే ఇనుప కవచపు నౌకలు, ఆ రేవును దిగ్బంధించిన ఉత్తరాది ఓడల మీద దాడి చేసినప్పుడు ఆయన పామెటో స్టేట్ మీద ఉన్నాడు. అంటే ఏ జెండా రక్షణను కోస్టాకు కల్పించినందుకు పతకం పొందాడో, ఆ జెండా ఎగిరే ఓడల మీదే దాడికి నాయకత్వం వహించాడు. పేరు చూసి అంతర్యుద్ధమని చెప్పినవారు సగం చరిత్ర విని ఉంటారు. అయినా అమెరికా నౌకాదళం తర్వాతి కాలంలో నాలుగు యుద్ధనౌకలకు వరుసగా ఇంగ్రహామ్ పేరే పెట్టింది. వాటిలో చివరిది 1989లో సేవలో చేరింది. 1890లో అమెరికా సుప్రీం కోర్టు, చట్టంలో ప్రత్యేకంగా రాసి లేకపోయినా తన రక్షణలో ఉన్నవారిని కాపాడే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని నీగల్ కేసులో తీర్పు చెబుతూ, కోస్టా ఉదంతాన్నీ ఈ పతకాన్నీ ఉదాహరణగా తీసుకుంది. ఆ తీర్పు నాటికి ఇంగ్రహామ్ బతికే ఉన్నాడు. మరుసటి ఏడాది చార్లెస్టన్‌లోనే కన్నుమూశాడు.

ఇక మీ ప్రతి సంగతి. బంగారంతో చేసిన అసలు పతకం బహుమతి పొందినవారికి మాత్రమే ఇచ్చేవారు. ఇలాంటి పతకాల కంచు ప్రతులను ఫిలడెల్ఫియా టంకశాల 19వ శతాబ్ది రెండో సగం నుంచి సేకర్తలకు అమ్మేది. వాటిని నకళ్లు అని తీసిపారేయకూడదు. టంకశాలలోనే అచ్చుకొట్టినవి కాబట్టి వాటికి వాటి స్థానం ఉంది. పాత ప్రతులు రాగిమీద ప్రత్యేకంగా పట్టించిన ముదురు గోధుమ ఎరుపు రంగులో, దాదాపు నేరేడు కలప నిగారింపుతో ఉంటాయి. 20వ శతాబ్దిలో చేసినవి ఎక్కువగా పసుపు ఛాయ ఉన్న కంచుతో, మెరుపు తగ్గించిన ఉపరితలంతో కనిపిస్తాయి. రంగొక్కటే చూసి కాలం తేల్చకండి. ఎవరో తోమి మళ్లీ రంగు వేసినవీ చూశాను.

పరీక్ష ఇలా చేయండి. గదిలో దీపాలు ఆర్పి, ఒక టార్చిని బల్లకు దాదాపు సమాంతరంగా పెట్టి, వెలుగు పక్కనుంచి పతకం మీద పడేలా చూడండి. భూతద్దంతో ముందు ఓడల తెరచాప కొయ్యలనూ, వాటిని పట్టి ఉంచే తాళ్లనూ గమనించండి. అచ్చుకొట్టిన ప్రతిలో ఆ తాళ్లు సన్నని, తెగని గీతల్లా ఉంటాయి, అక్షరాల మూలలు పదునుగా ఉంటాయి. పోతపోసిన నకలులో తాళ్లు అక్కడక్కడ మాయమై, అక్షరాల అడుగుభాగం మెత్తబడి, ఖాళీ ప్రదేశంలో సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి పోత నకలు అసలుకన్నా కొద్దిగా చిన్నదిగా కూడా ఉంటుంది. తర్వాత అంచు చూడండి. అంచు చుట్టూ నడిమధ్యలో సన్నని అతుకు గీత గాని, దాన్ని ఆకురాయితో రాసి చెరిపిన గుర్తులు గాని ఉంటే అనుమానించాలి. విద్యుత్తుతో రాగి పెంకులు రెండు తయారుచేసి, మధ్యలో సీసం నింపి అతికించిన నకళ్లు పైకి అద్భుతంగా ఉంటాయి, వాటిని పట్టించేది ఆ అంచూ, అదే కొలతల టంకశాల ప్రతికీ దానికీ ఉండే బరువు తేడా. గణగణ మోగుతుందేమో చూద్దామని నేలమీద మాత్రం వేయకండి.

కిలుము ఉన్నట్టు రాశారు. దయచేసి మన ఇళ్లలో ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండుతో గాని, పీతాంబరితో గాని దీన్ని తోమకండి. ఒక్కసారి తోమితే నూరేళ్లకు పైగా నిలిచిన రంగు పోతుంది, ఎంత డబ్బిచ్చినా తిరిగి రాదు, పతకం వెల కూడా సగానికి పైగా పడిపోవచ్చు. ఆకుపచ్చని పొడి రాలుతుంటే అది పాకే రకం కిలుము, దాన్ని లోహ సంరక్షణ తెలిసినవారికే అప్పగించండి. రాలకుండా గట్టిగా ఉన్నదైతే అలాగే వదిలేయండి. చేతితో పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి, మెత్తని పీవీసీ కవర్లలో ఉంచకండి, ఎందుకంటే వాటినుంచి వెలువడే ఆవిరే కొత్త కిలుమును పుట్టిస్తుంది. గట్టి అట్టపెట్టె, లోపల ఆమ్లం లేని కాగితం, తేమ పీల్చే సిలికా పొట్లం ఉంటే చాలు.

వెల గురించి ఇప్పుడే అంకె చెప్పను. ప్రతి ఏ కాలానిదో, ఉపరితలం తోమినదో కాదో తెలియకుండా చెప్పే అంకెకు అర్థం లేదు. పెద్ద వేలం సంస్థలు గతంలో అమ్మిన ఇదే పతకపు ప్రతుల ఫొటోలూ ధరలూ తమ వెబ్‌సైట్లలో ఉంచుతాయి, మీ ప్రతితో పోల్చి చూడండి. ఈలోగా నాకు నాలుగు వివరాలు కావాలి: పక్కవెలుగులో తీసిన రెండువైపుల ఫొటోలు, అంచును చుట్టూ తిప్పుతూ తీసిన మూడు నాలుగు ఫొటోలు, వెర్నియర్ కాలిపర్‌తో మిల్లీమీటర్లలో కొలిచిన వ్యాసమూ మందమూ, వంటింటి డిజిటల్ త్రాసు మీద గ్రాముల్లో బరువు. అవి పంపితే అచ్చుకొట్టినదా, పోతపోసినదా అన్నది నిశ్చయంగానే చెప్పగలననుకుంటున్నాను, అచ్చుదైతే సుమారుగా ఏ కాలపుదో కూడా చెబుతాను.